దీపాలవేళకు ఎండ

ఎండకు కొఱత లేని సీమ మనది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులునని పెద్దలు ఊరక అనలేదు. ఆ ఎండను తిట్టుకొనుటయే గాని, దానిని అమ్ముకొనవచ్చునన్న ఊహ మన తాతలకు రాలేదు. ఈనాడు కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురము సీమలలో ఎండకు ధర కట్టి యూనిట్ల లెక్కన కొనుచున్నారు, అమ్ముచున్నారు. అయితే ఈ బేరములో ఒక చిక్కు ఉన్నది. సరుకు మధ్యాహ్నము పండ్రెండు గంటలకు సంత నిండ వచ్చి పడును. కొనువారు సాయంకాలము ఏడు గంటలకు గాని గుమికూడరు. నడుమనున్న ఆ ఏడు గంటల ఎడమును దాటుట యెట్లు? ఈ ప్రసంగములో మేము చెప్పదలచినది ముఖ్యముగా ఆ సంగతియే.

వెలుతురు తగిలినపుడు సిలికను ఘటములో విద్యుత్తు పుట్టుట కొత్త విషయము కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను ముగ్గురు శాస్త్రజ్ఞులు తయారుచేసిన ఘటమును 1954 ఏప్రిల్ 25వ తేదీన లోకమునకు చూపిరి. ఆ ప్రదర్శనలో ఎండతో నడిచినవి ఒక బొమ్మ రంగులరాట్నమును, ఒక చిన్న రేడియో ప్రసారయంత్రమును. మేము రేడియోవారము గనుక ఈ రెండవదానిని కొంత గర్వముతోనే చెప్పుకొనుచున్నాము. నాటి ఘటము తనపై పడిన వెలుతురులో నూటికి ఆరు పాళ్ళు మాత్రమే విద్యుత్తుగా మార్చినది. నేడు బజారులో దొరకు మామూలు సౌరఫలకము ఇరువది పాళ్ళకు పైగా మార్చుచున్నది.

ఓర్వకల్లు రాతివనములను చూడబోయినవారు ఆ ప్రాంతపు నేలను ఎఱుగుదురు. రాళ్ళు, ముండ్లపొదలు, వానకు ఎదురుచూచు మెట్టచేలు. ఆ సమీపముననే గని, శకునాల గ్రామముల పొలిమేరలలో 5,932 ఎకరముల మీద 1000 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము 2017లో పూర్తి అయినది. నలుబది లక్షలకు పైగా పలకలను అక్కడ పఱచిరి. ఒకే చోట నెలకొన్న సౌరకేంద్రములలో దీనిని మించినది ప్రపంచములో లేదని ఆనాడు చెప్పుకొనిరి. ఆ కీర్తి ఎంతో కాలము నిలువలేదు. కర్ణాటకములోని పావగడ, రాజస్థానములోని భడ్లా కొద్ది యేండ్లలోనే దానిని దాటిపోయినవి.

ఇట్టి కేంద్రమును కట్టుట ఆనకట్ట కట్టుట వంటిది కాదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరులో పునాదిరాయి పడగా, కాలువలకు నీరు వదలినది 1967లో. సౌరకేంద్రమునకు అంత కాలము అక్కఱలేదు. భూమి చేతికి వచ్చి, తీగమార్గము సిద్ధమైనచో రెండేండ్లలో పని ముగియును. అందుచేత ఇది సులువైన పని యని తలంచుట మాత్రము పొరపాటు. ఆనకట్టలో కష్టమంతయు ఒక చోట కుప్పపడి యుండును. ఇక్కడ అది వేల యెకరముల మీద చల్లిన విత్తనమువలె పఱచుకొని యుండును. లక్షలాది ఉక్కుకంబములను నేలలో దింపవలెను. మెత్తని నేలయైనచో యంత్రముతో కొట్టి దింపుదురు. మన సీమలోవలె అడుగున రాయి తగిలినచో బెజ్జము తొలిచి కాంక్రీటు పోయక తప్పదు. కంబముల మీద చట్రములు, చట్రముల మీద పలకలు. కర్నూలు సీమలో పలకను దక్షిణమునకు ఇంచుమించు పదునైదు డిగ్రీలు వాల్చినచో ఏడాది పొడవున ఎండ చక్కగా తగులును. కొన్ని కేంద్రములలో పలకలు పొద్దుతిరుగుడు పువ్వువలె ఉదయము తూర్పునకు, సాయంకాలము పడమటికి తిరుగునట్లు మోటారులు అమర్చుచున్నారు.

వరుసకు వరుసకు నడుమ ఎంత యెడముండవలెనన్నది పెద్ద లెక్క. ఒక వరుస నీడ వెనుక వరుస మీద పడరాదు. పలకలను పూసలవలె ఒకే తీగకు గ్రుచ్చుదురు గనుక ఒక్క పలక మీద నీడ పడినను ఆ దండ అంతయు మందగించును. చట్రము ప్రక్కన ఎదిగిన ఒక తుమ్మమొక్క చాలు. అందుకే ఈ కేంద్రములలో గడ్డి కోయు కూలీలకు పని ఏడాది పొడవున ఉండును.

ఇక్కడ శ్రోతలు విని ఆశ్చర్యపడదగిన మాట ఒకటి కలదు. పలకకు కావలసినది వెలుతురు. వేడి దానికి శత్రువు. పలక వేడెక్కు కొలది, ఇరువదియైదు డిగ్రీలకు మించిన ప్రతి డిగ్రీకి, దాని శక్తి నూటికి మూడో వంతు పాలు మొదలు సుమారు నాలుగు పదుల వంతు వరకు తగ్గును. మే నెల మధ్యాహ్నము గాలి వేడి నలుబదియైనచో పలక ఒంటి వేడి అరువదియైదు వరకు పోవును. అనగా మనకు ఎండ మండిపోవుచున్నదని తోచిన వేళనే పలక తన శక్తిలో ఏడవ వంతు వఱకు పోగొట్టుకొని యుండును. చలిగాలి వీచు మాఘమాసపు పగలు దానికి మిక్కిలి అనుకూలము. మఱియొక శత్రువు దుమ్ము. కడుగుటకు నీరు కావలెను. త్రాగునీటికి బిందెలు వరుస కట్టు ఊళ్ళ ప్రక్కన అద్దములు కడుగుటకు ట్యాంకరులతో నీరు తెచ్చుట చూచువారికి ముల్లువలె గ్రుచ్చుకొనును. నీరు లేకుండ కుంచెలతో తుడుచు యంత్రములు వచ్చినవి. వాటిని నీటికొఱత గల సీమలలో తప్పనిసరి చేయుట మంచిదని మా అభిప్రాయము.

పలకలో పుట్టు విద్యుత్తు ఏకముఖ ప్రవాహము. మన ఇండ్లకు వచ్చునది ఏకాంతర ప్రవాహము. ఒకదానిని రెండవదానిగా మార్చు యంత్రమే ఇన్వర్టరు. మీ ఇంట మూలనున్న చిన్న ఇన్వర్టరునకు ఇది పెద్దన్న. అక్కడి నుండి ట్రాన్స్‌ఫార్మరుల మీదుగా 33 వేల వోల్టులకు, అటుపై 220 వేలకు, తుదకు 400 వేల వోల్టులకు ఎక్కించి దేశపు తీగమార్గములో కలుపుదురు. ఆ తీగమార్గములో ఒక నియమము కలదు. ఏ క్షణమున ఎంత విద్యుత్తు వాడుదురో ఆ క్షణమున అంతయే పుట్టవలెను. ఎక్కువైనను తంటాయే, తక్కువైనను తంటాయే. తీగలలో నిలువ యనునది లేదు.

బొగ్గు కేంద్రమునకు ఈ నియమముతో ఇబ్బంది లేదు. బొగ్గు గుట్టగా పడియుండును, కావలసినపుడు కాల్చవచ్చును. సూర్యుడు ఎవరి మాటయు వినడు. ఉంటే ఉగాది, లేకుంటే శివరాత్రి. మధ్యాహ్నము ఉగాది, పొద్దు క్రుంకిన పిమ్మట శివరాత్రి జాగరణ. సాయంకాలము అయిదున్నర మొదలు ఏడున్నర వఱకు ఏమి జరుగునో గమనింపుడు. ఒక ప్రక్క సౌరవిద్యుత్తు దిగిపోవుచుండును. మఱియొక ప్రక్క ప్రతి ఇంట దీపము వెలుగును, మిక్సీ తిరుగును, టెలివిజను మ్రోగును, వేసవిలో చల్లదనపు యంత్రములు మొదలగును. పగలంతయు పని తగ్గించుకొని కూర్చున్న బొగ్గు కేంద్రములు ఈ రెండు గంటలలో గబగబ ఎత్తుకొనవలెను. బాయిలరు ఎద్దువంటిది, ఉరుకుమన్నంత మాత్రమున ఉరుకదు. పగలు మూడు రూపాయలకు వచ్చు యూనిట్టు సాయంకాలము విపణిలో మూడింతలు పలుకుట ఇందువలననే.

పండినపుడు దాచుకొని లేనపుడు తినుట రాయలసీమ రైతునకు ఎవరును నేర్పనక్కఱలేదు. జొన్నపాతర అందుకే పుట్టినది. విద్యుత్తునకు పాతర ఏది యన్న ప్రశ్నకు నేడు దొరకిన సమాధానములలో ముఖ్యమైనవి రెండు. ఒకటి బ్యాటరీ, రెండవది నీరు.

బ్యాటరీ అనగానే మా శ్రోతలకు టార్చిలైటు సెల్లులు, పాత రేడియో వెనుక దూర్చు సెల్లులు మనస్సున మెదలును. సౌరకేంద్రములో వాడు ఘటము వాటివలె ఒకసారి అయిపోగానే పారవేయునది కాదు. మరల మరల నింపునది. ఇందులో లిథియము కణములు ఒక పలక నుండి వేరొక పలకకు ద్రవము గుండ ప్రయాణము చేయును. నింపునపుడు అటు పోవును, వాడునపుడు ఇటు వచ్చును. ఒక పలకలో ఇనుము, ఫాస్ఫేటు కలిసిన పదార్థము, రెండవదానిలో గ్రాఫైటు ఉండును. ఈ ఇనుప ఫాస్ఫేటు గుణమును 1990 దశకములో అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయములో జాన్ గుడ్‌ఎనఫ్ బృందము వెల్లడించినది. లిథియము బ్యాటరీలపై చేసిన కృషికి ఆయనకు, మఱి ఇద్దరికి 2019లో నోబెలు బహుమానము వచ్చినది. అప్పటికి ఆయన వయస్సు 97.

ఇప్పుడు పెద్ద కేంద్రములలో వాడు ఘటము ఒక లావుపాటి నిఘంటువంత ఉండును. బరువు అయిదారు కిలోలు. దానిలో ఇంచుమించు ఒక యూనిట్టు విద్యుత్తు ఇముడును. మీటరు మీద ఒక అంకె తిరుగుటకు పట్టు విద్యుత్తు అంతయు చేతబట్టుకొనగల ఒక ఇటుకలో ఉన్నదన్నమాట. ఇట్టి ఇటుకలు అయిదువేలు పేర్చి, ఓడలలో సరుకు వచ్చు ఇరువది అడుగుల ఇనుపపెట్టెలో బిగింతురు. ప్రక్కన చల్లబఱచు యంత్రము, ఒక్కొక్క ఘటము వేడిని, వోల్టులను క్షణక్షణము చూచుచుండు గణకయంత్రము ఉండును. గని, శకునాలవంటి 1000 మెగావాట్ల కేంద్రము తన శక్తిలో సగమును దీపాలవేళ నాలుగు గంటల సేపు ఇయ్యవలెనన్నచో ఇట్టి పెట్టెలు 400 కావలెను. పలకలు పఱచిన నేలతో పోల్చినచో వాటికి పట్టు చోటు చాల స్వల్పము.

మన దేశములో ఈ పని పెద్దయెత్తున జరిగిన చోటు ఛత్తీస్‌గఢ్‌లోని రాజ్‌నందగావ్ జిల్లా. కేంద్రప్రభుత్వపు సౌరవిద్యుత్ సంస్థ అక్కడ 100 మెగావాట్ల సౌరకేంద్రమును, దానికి జతగా 40 మెగావాట్ల చొప్పున మూడు గంటలు ఈయగల బ్యాటరీని నెలకొల్పినది. 2024 ఫిబ్రవరి 24వ తేదీన ప్రధానమంత్రి దానిని జాతికి అంకితము చేసిరి. అక్కడి పలకల మొత్తము శక్తి నూట యేబది మెగావాట్లకు పైనే. నూరు మెగావాట్ల కేంద్రమునకు నూట యేబది యేల యని అడుగవచ్చును. పలకలను అదనముగా వేసినందువలన ఉదయపు, సాయంకాలపు మందపు వెలుతురులో గూడ ఎక్కువ విద్యుత్తు చేతికి వచ్చును. నట్టనడి మధ్యాహ్నపు మిగులు బ్యాటరీలోనికి పోవును. ఆ బ్యాటరీ నిండుగా ఉన్నపుడు అందులో ఉండునది 1,20,000 యూనిట్లు. సాయంకాలపు మూడు గంటలలో రెండు ఫ్యానులు, నాలుగు దీపములు, ఒక టెలివిజను, ఒక ఫ్రిజ్ వాడు ఇంటికి సుమారు ఒక యూనిట్టు పట్టును. ఆ లెక్కన లక్షా ఇరువది వేల ఇండ్లకు ఒక పూట దీపము. అయితే అదే మూడు గంటలు చల్లదనపు యంత్రము నడిపినచో ఒక్క ఇంటికే నాలుగు యూనిట్లు కావలెను. లక్షా ఇరువది వేల ఇండ్లు ముప్పది వేలకు దిగిపోవును. పాతర ఎంత లోతు త్రవ్వవలెనన్నది మన వాడుకను బట్టియే నిర్ణయమగును.

దేశాంతరములలో ఇంతకంటె చాల పెద్దవి కలవు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రపు కెర్న్ కౌంటీలో ఎడ్వర్డ్స్ వాయుసేనాస్థావరము భూమిని కొంత కలుపుకొని కట్టిన కేంద్రము 2024 జనవరి నాటికి పూర్తి అయినది. పందొమ్మిది లక్షల పలకలు, 3,287 మెగావాట్ అవరుల బ్యాటరీలు దానికి ఉన్నవి. రాజ్‌నందగావ్ బ్యాటరీకి ఇది ఇరువదియేడు రెట్లు. ఆ రాష్ట్రమున 2024 ఏప్రిల్‌లో ఒక సాయంకాలము కొంతసేపు, అన్ని విధముల విద్యుత్తులలోను బ్యాటరీల నుండి వచ్చినదే అధికమైనది. పగటి ఎండతో రాత్రి దీపము వెలిగించుట జరుగు పనియే యని అందువలన రుజువైనది.

పాతరలో పోసిన గింజ అంతయు తిరిగి రాదు. పురుగు తినును, తడి తగులును. బ్యాటరీకి గూడ తరుగు కలదు. నూరు యూనిట్లు నింపినచో తిరిగి వచ్చునవి ఎనుబదియైదు ప్రాంతము. చల్లబఱచుటకే కొంత ఖర్చగును. ఘటమునకు ఇరువదియైదు డిగ్రీల చల్లదనము ఇష్టము. బయట మన వేసవి నలుబదియైదు. ఇదిగాక ఏటేట దాని పట్టు తగ్గును. పలక ఇరువదియైదేండ్లు పని చేసినచో బ్యాటరీ ఆయువు పండ్రెండు, పదునైదేండ్లుగా ఒప్పందములలో వ్రాసికొనుచున్నారు. అనగా కేంద్రము ఒక్క జీవితములో పాతరను రెండుసార్లు త్రవ్వవలెను. ఘటములలో అధికభాగము నేటికిని చైనా నుండియే వచ్చుచున్నది. ఎండ మనదైనను కుండ మనది కాదు.

మంటల మాట చెప్పకుండుట న్యాయము కాదు. 2019 ఏప్రిల్‌లో అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రమున బ్యాటరీ గదిలో పేరుకొన్న వాయువులు పేలి అగ్నిమాపకదళము వారు గాయపడిరి. 2025 జనవరి 16వ తేదీన కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్‌లో ఒకే కప్పు క్రింద పేర్చిన బ్యాటరీలు అంటుకొనగా వేయిమందికి పైగా ఇండ్లు విడిచిపోవలసి వచ్చినది. అక్కడివి నికెలు, కోబాల్టు కలిసిన వేఱు జాతి ఘటములు. ఇనుప ఫాస్ఫేటు ఘటము అంత సులభముగా అంటుకొనదు. అంటుకొనదని పూచీ మాత్రము ఎవరును ఈయలేరు. కనుకనే ఇపుడు బ్యాటరీలను ఒకే భవనములో కుక్కక, ఆరుబయట విడివిడి పెట్టెలలో, నడుమ ఎడము విడిచి పెట్టుచున్నారు. మన గడ్డివాములను ఇంటికి దూరముగా, ఒకదానికొకటి తగులకుండ వేయుట వంటిదే ఇది. ఎడము తగ్గించినచో భూమి ఖర్చు మిగులును. ఆ మిగులు కొఱకు ఆశపడరాదు.

ధరల సంగతి వినినచో మా శ్రోతలు నమ్మకపోవచ్చును. గని, శకునాల కేంద్రములో 500 మెగావాట్లకు 2015లో వచ్చిన ధర యూనిట్టుకు 4 రూపాయల 63 పైసలు. అంతకంటె చవుక అంతకుముందు దేశములో లేదు. ఆ ధరకు గిట్టదని చాలమంది పెదవి విఱిచిరి. ఆ పాట పాడిన విదేశీ సంస్థ 2016లో దివాలా తీయగా, హైదరాబాదుకు చెందిన గ్రీన్‌కో సంస్థ ఆ పనిని కొని పూర్తి చేసినది. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లాలోని సౌరకేంద్రమునకు 3 రూపాయల 15 పైసల ధర పడినది. ఇవన్నియు ఎండ ఉన్నపుడు మాత్రమే వచ్చు విద్యుత్తు ధరలు. 2024 డిసెంబరులో కేంద్రప్రభుత్వ సంస్థ పిలిచిన ఒక పాటలో 2000 మెగావాట్ల సౌరవిద్యుత్తును, దానితో బాటు 1000 మెగావాట్ల చొప్పున నాలుగు గంటలు ఈయగల నిలువను కలిపి వచ్చిన ధర సుమారు 3 రూపాయల 52 పైసలు. తొమ్మిదేండ్ల క్రిందటి వట్టి ఎండ కంటె నేటి ఎండ, పాతర కలిపి చవుక. ఇది చూచియే కాబోలు, ఇకమీద పిలుచు సౌరకేంద్రముల పాటలలో పలకల శక్తిలో కనీసము పదవ వంతు మేరకు రెండు గంటల నిలువ ఉండవలెనని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2025 ఫిబ్రవరిలో సలహా యిచ్చినది. మా దృష్టిలో పదవ వంతు చాల తక్కువ. సాయంకాలపు లోటు అంత చిన్నది కాదు.

నీటి పాతర మనకు పాతదే. శ్రీశైలము ఎడమగట్టున, నాగార్జునసాగరమున మిగులు విద్యుత్తుతో నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైనపుడు క్రిందికి వదలు యంత్రములు ఎన్నడో వెలసినవి. నంద్యాల జిల్లా పాణ్యము మండలములోని పిన్నాపురమున ఇదే సూత్రము మీద నదిలో గాక గుట్టల నడుమ రెండు చెఱువులు కట్టి, ఎండ, గాలి, నీరు మూడింటిని జోడించు పథకమునకు 2022 మే నెలలో శంకుస్థాపన జరిగినది. బ్యాటరీ రెండు మూడు గంటల పనికి గట్టిది, క్షణములో అందుకొనును. ఆఱేడు గంటలు మోయవలసినపుడు నీరు మేలు. కొండయు నీరును ఉన్న చోట నీరు, లేని చోట బ్యాటరీ. రెండింటికిని వైరము లేదు.

వీటి నడుమ మనము మఱచిపోవుచున్న పాతర ఒకటి కలదు. అది రైతు పొలము. మొన్నమొన్నటి వఱకు మన రైతునకు విద్యుత్తు అర్ధరాత్రి వచ్చెడిది. పగలు పరిశ్రమలకు ఇచ్చి మిగిలినది రాత్రి మోటారులకు వదలెడివారు. చేతిలో టార్చిలైటు, కాలి క్రింద తడి గట్టు, గట్టు మీద పాము. తడిచేతితో స్టార్టరు ముట్టి ప్రాణములు పోగొట్టుకొన్న వారు ప్రతి మండలములోను ఉన్నారు. నేడు ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయమునకు తొమ్మిది గంటల విద్యుత్తును పగటివేళ ఇచ్చు పద్ధతి వచ్చినదనిన అది ఎండ పుణ్యమే. మధ్యాహ్నపు మిగులు ఎండ మోటారులో పడి నీరై చేనికి చేరుచున్నది. బ్యాటరీ అక్కఱలేదు, తరుగు లేదు, రైతు రాత్రి తన ఇంట నిద్రించును. పగటి పనిని పగటికి మార్చుకొనగలిగినంత మార్చుకొని, మిగిలిన దానికి మాత్రమే ఖరీదైన పెట్టెలు కొనుట తెలివి.

ఇక భూమి. ఒక మెగావాటుకు నాలుగయిదు ఎకరములు పట్టును. పావగడ తాలూకా కర్ణాటకములో ఉన్నను మూడు వైపుల ఆంధ్రదేశమే. అక్కడి ఇండ్లలో తెలుగు మాట విరివిగా వినబడును. వరుస కరవులతో జనము బెంగుళూరునకు వలసపోయిన ఆ తాలూకాలో 2019 నాటికి 2050 మెగావాట్ల కేంద్రము వెలసినది. సుమారు 13,000 ఎకరములు. ప్రభుత్వము ఆ భూమిని కొనలేదు. రైతుల నుండి కౌలుకు తీసికొనినది. ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్లకొకసారి నూటికి అయిదు చొప్పున పెంపు. వేరుసెనగ వేసి వానకై ఆకాశము చూచుటకంటె ఇది మెఱుగని చాలమంది రైతులు ఒప్పుకొనిరి. భూమి అమ్ముకొని పట్టణములో ఖర్చు చేసికొని కూలివారైన వారి కథలు మనకు తెలియనివి కావు గనుక, ఈ కౌలు పద్ధతియే మేలని మేమును తలంచుచున్నాము.

అయితే కౌలు పట్టా ఉన్నవానికి వచ్చును. ఆ చేలలో కలుపు తీసి, కాయ కోసి బ్రతికిన కూలికి ఏమి వచ్చును? బీళ్ళలో గొఱ్ఱెలను మేపుకొన్నవానికి కంచె తప్ప ఏమి మిగిలినది? పలకలు తుడుచుటకు, గడ్డి కోయుటకు, కావలి కాయుటకు కొంతమందిని పెట్టుకొనిరి. కట్టునపుడు వేలమందికి పని యుండును. కట్టిన పిమ్మట వేల యెకరములను కొద్దిమంది చూచుకొనగలరు. పలకలను మనిషి యెత్తున లేపి, క్రింద గొఱ్ఱెలను మేయనిచ్చు పద్ధతి కొన్ని దేశములలో కలదు. గడ్డి కోత ఖర్చు తప్పును, గొఱ్ఱెకు మేత దొరకును. మన కాంట్రాక్టులలో ఈ షరతు వ్రాయుటకు ఎవరి అనుమతి కావలెనో మాకు బోధపడదు.

కడపట, మా శ్రోతలు తఱచు అడుగు ప్రశ్న ఒకటి. మా ఇంటి కప్పు మీద పలకలు వేసికొనినచో కరెంటు పోయినపుడు దీపము వెలుగునా? కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ఆరంభించిన సూర్యఘర్ పథకము క్రింద మూడు కిలోవాట్లకును, అంతకు మించినవాటికిని 78,000 రూపాయల సహాయము ఇచ్చుచున్నారు గనుక ఈ ప్రశ్న ఇంటింటికి సంబంధించినదే. సమాధానము చాలమందికి రుచింపదు. బ్యాటరీ లేని మామూలు ఏర్పాటైనచో వెలుగదు. మిట్టమధ్యాహ్నము ఎండ కాయుచున్నను, వీధి తీగలో కరెంటు పోయిన క్షణమే మీ ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవును. ఇది లోపము కాదు. కరెంటు పోయినదని నమ్మి కంబమెక్కిన లైనుమనిషి మీద మీ కప్పు నుండి పోయిన విద్యుత్తు పడకుండ చేసిన ఏర్పాటది. కరెంటు పోయినపుడు గూడ దీపము కావలెనన్నచో బ్యాటరీతో పనిచేయు వేఱు రకపు ఇన్వర్టరు వేయించుకొనవలెను. దానికి ఖర్చు అధికము. అమ్మవచ్చినవాడు ఈ సంగతి తనంతట తాను చెప్పకపోవచ్చును. సంతకము చేయుటకు ముందే అడిగి, ఏ రకము వేయుచున్నాడో కాగితము మీద వ్రాయించుకొనుడు.